కింది స్వరాలు

తొచిజవా, అకిటా
అక్టోబర్ 19

చిజురూ,

ఉత్తరం అన్నాక ముందు వాతావరణం రాయాలి కదా, రాస్తున్నాను. కొండంతా ఎర్రబడింది. ముల్లంగులు పొగ మీద వేలాడదీశాను. ఎలుగుబంటి రెండుసార్లు పెరట్లోకి వచ్చి చూసి వెళ్ళింది. వాతావరణం అయిపోయింది.

మన బడి మూసేస్తున్నారు. మార్చి ఇరవైన ఆఖరి సభ. పిల్లలు పదకొండు మందే మిగిలారు, ఏప్రిల్ నుంచి బస్సెక్కి టౌను బడికి పోతారట. సభ చివర బడి పాట పాడతారు. మీ అన్నయ్య కట్టిన పాటే. సెయిజో పోయి ఎనిమిదేళ్ళయినా ఆ పాట రోజూ పొద్దున్నే ఆ బళ్ళో మోగుతూనే ఉంది. ఇక అదీ ఉండదు.

సంగీతం టీచరు హొషినా మొన్న ఇంటికొచ్చింది. బడి పియానో తేమకు పాడైపోయి సగం మెట్లు లేవడం లేదట. "మిసావో గారూ, మీరు ఒకప్పుడు కరవోకే పాటలకు వాద్యం కట్టేవారట కదా. దీనికీ కట్టిపెట్టరూ?" అంది. ఆ పిల్లకి ఎవరు చెప్పారో! ఇరవై రెండేళ్ళు వంటింటి పక్కగదిలో కూర్చుని, పాట విని, డప్పు దగ్గర్నుంచి ఫ్లూట్ దాకా ఒక్కో స్వరం కంప్యూటర్‌లోకి ఎక్కించి మీ కంపెనీకి పంపిన దాన్ని. నువ్వేమో అక్కడ కూర్చుని నా తప్పులు పట్టినదానివి. ఆడపడుచుకి అంతకంటే మంచి ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది? సరే, ఒప్పుకున్నాను.

చిక్కేమిటంటే నా కంప్యూటర్ ముసలిది. బళ్ళో అన్నీ ట్యాబ్లెట్లు. నేనూ ఒకటి కొన్నాను. రెండింటినీ పక్కపక్కన పెడితే అలిగిన అత్తాకోడళ్ళలా కూర్చున్నాయి తప్ప ఒకదాని మాట ఒకటి వినవు. ఏం చెయ్యాలో రాయి. ఫోన్ మాత్రం చెయ్యకు. ఫోన్ బాగాలేదు.

నీ వదిన
మిసావో


హమమత్సు
నవంబర్ 4

వదినా,

ఇక్కడ ఇంకా చొక్కా చేతులు మడిచి తిరుగుతున్నారు. అదీ మా వాతావరణం.

బడి మూస్తారని చదివాను. అన్నయ్య ఆ పాట కట్టిన ఏడు నాకింకా పెళ్ళి కాలేదు. రెండు ఊళ్ళ బళ్ళు కలిపి ఒకటి చేశారని, రెండూళ్ళ వాళ్ళూ కొట్టుకోకుండా పాడుకునేలా ఉండాలని, ఒక్కో మాటకి పది రోజులు పట్టించాడు. మా అమ్మ విసుక్కునేది.

ఫోన్ బాగాలేదా, నాతో మాట్లాడ్డం బాగాలేదా? సరేలే, ఉత్తరాలే రాసుకుందాం.

నారింజల కింద అట్టపెట్టెలో ఒక చిన్న నల్లపెట్టె పెట్టాను, చూసుకో. దానికి రెండు నోళ్ళు ఉంటాయి. ఒకదాంట్లో నీ ముసలి కంప్యూటర్ తీగ, రెండోదాంట్లో ట్యాబ్లెట్ తీగ. రెండూ ఒకేసారి పెట్టొచ్చు, అదే దాని గొప్ప. ఇటు కట్టింది అటు పోతుంది, అటు వాయించింది ఇటు వస్తుంది. వెనకవైపున్న రెండు గుండ్రటి కన్నాలు పెద్ద స్పీకర్లకి. సభ రోజున ట్యాబ్లెట్‌ని దీనికి కలిపి, దీన్ని సభ జరిగే వ్యాయామశాల స్పీకర్లకి కలిపితే చాలు.

హొషినా టీచరు బెదిరితే ఇలా చెప్పు: ఈ పెట్టెలోంచి పోయే మిడి అంటే శబ్దం కాదమ్మా, అంకెలు. ఏ మెట్టు, ఎప్పుడు, ఎంత గట్టిగా నొక్కాలి. గట్టికి ఒకటి నుంచి నూట ఇరవయ్యేడు దాకా. అంతే, ఇంకేమీ లేదు.

ఒక్కటే జాగ్రత్త. విన్నదాన్ని తిప్పి పంపమని రెండింటికీ చెప్పకు. చెప్పావా, ఒక్క స్వరం రెండింటి మధ్యా గిరగిరా తిరుగుతూ ఆగదు.

చిజురు


తొచిజవా
డిసెంబర్ 12

చిజురూ,

మోకాలి లోతు మంచు. నారింజలు తియ్యగా ఉన్నాయి. నువ్వు చెయ్యొద్దన్న పనే మొదట చేశాను.

తీగలు పెట్టి ఒక్క మెట్టు నొక్కాను. కంప్యూటర్ పంపింది, ట్యాబ్లెట్ తిప్పి పంపింది, మళ్ళీ ఇది పంపింది. నల్లపెట్టె మీద పచ్చదీపం ఆగకుండా కొట్టుకుంటోంది. నా పాటికి నేను టీ పోసుకుని తాగుతున్నాను. ఇంతలో పక్కింటి కుదో బామ్మ కాళ్ళకి ఏమీ లేకుండా మంచులో పరుగెత్తుకొచ్చి, "ఏమిటే ఆ గోల! ఎవర్ని చంపుతున్నావే!" అని అరిచింది. బామ్మ అరుపు చూసి తీగ లాగేశాను. తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడకి నారింజలు ఇచ్చాను.

ఇప్పుడు సవ్యంగా నడుస్తోంది. కంప్యూటర్‌లో కట్టింది పెట్టెలోంచి ట్యాబ్లెట్‌కి పోతోంది. నీకు పుణ్యముంటుంది.

నీకో మాట చెప్పాలి. మీ అన్నయ్య అంత్యక్రియల రోజు పాత పిల్లలు నలభైమంది వచ్చి ఈ పాట పాడారు, గుర్తుందా? అందరూ ఏడ్చారు. నేను వినలేదు. వచ్చినవాళ్ళకి వంగి దండాలు పెట్టడం, పరామర్శకి ఇచ్చే డబ్బు కవర్లు అందుకోవడం, ఎవరికి టీ అందలేదో చూసుకోవడం, వీటిలోనే పాట అయిపోయింది. ఎనిమిదేళ్ళుగా అది నన్ను పీక్కు తింటోంది. అందుకే ఈ సభలో ఏ పనీ ఒప్పుకోలేదు. టీ ఎవరైనా ఇచ్చుకోనీ, చెప్పులు ఎవరైనా సర్దుకోనీ. ఆ పదకొండు మంది పాడుతుంటే నేను నిలబడి మొదటి మాట నుంచి ఆఖరి మాట దాకా వింటాను. అంతకు మించి నాకింకేమీ వద్దు.

మిసావో


హమమత్సు
జనవరి 8

వదినా,

కొత్త సంవత్సరం కార్డు అందింది. గుర్రం ఏడాదికి వేసిన గుర్రం బొమ్మ బాగుంది, కుక్కలా ఉంది.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. పక్కింట్లో కుదో బామ్మ వినేంత గోల నీ గదిలో జరుగుతుంటే నువ్వు టీ ఎలా తాగావు? బామ్మ అరుపు 'విని' అని రాయలేదు, 'చూసి' అని రాశావు. ఫోన్ వద్దంటున్నావు. చెవులు ఎలా ఉన్నాయి? నిజం చెప్పు. డాక్టరుకి చూపించావా?

మార్చిలో నేను రాలేను. ఆ వారమే నా మోకాలి ఆపరేషన్, తేదీ మార్చమంటే ఆస్పత్రి వాళ్ళు మార్చలేదు. నాకు చాలా బాధగా ఉంది.

చిజురు


తొచిజవా
జనవరి 25

చిజురూ,

నా చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయి. నీ మోకాలి సంగతి నువ్వు చూసుకో. నేను టీ తాగినా తప్పేనా? ఆడపడుచు బుద్ధి ఎక్కడికి పోతుంది!

కవరులో చిన్న మెమరీ కార్డు పెట్టాను. పాట మొత్తం అందులో ఉంది. పాత పద్ధతే. తప్పులుంటే పట్టు, లేకపోతే ఎర్ర ముద్ర వేసి పంపు. నీ ముద్ర పడ్డాక నేను ఏనాడూ తెరిచి చూడలేదు, ఇప్పుడూ చూడను. నేరుగా హొషినా చేతిలో పెడతాను.

పైకప్పు మీది మంచు తోయడానికి మనిషి దొరకడం లేదు.

మిసావో


హమమత్సు
ఫిబ్రవరి 9

వదినా,

ఇది నీకు పంపే ఉత్తరం కాదు. పంపలేక, రాయకుండా ఉండలేక రాస్తున్నాను.

నీ కార్డు తెరిచాను. వినకముందే అంకెలు చూశాను, అలవాటు కదా. కింది స్వరాలన్నీ నూట పదిహేను, నూట ఇరవై. పై స్వరాలు నలభై కూడా లేవు. కింద చెల్లో, బాసూ, దాని కింద ఇంకో బాసూ. తర్వాత వాయించి విన్నాను. పాట కాదది, బండి ఇంజను. రెండో చరణంలో ఫ్లూట్ రెండు చోట్ల తప్పు మెట్టు మీద ఉంది. ఇరవై రెండేళ్ళలో నువ్వు ఫ్లూట్ తప్పు కట్టడం నేను చూడలేదు.

నీకు పైవి వినపడటం లేదు. నీకు వినపడేదే సరిగ్గా ఉందనుకుని కట్టావు. నాకు అబద్ధం చెప్పావు, పిచ్చిదానా.

దీన్ని ఇలాగే పంపితే ఊరంతా మొహాలు చూసుకుంటారు. "పాపం మిసావోకి చెవులు పోయాయి" అని సభలోనే గుసగుసలాడతారు. అన్నయ్య పాట ఆఖరిసారి అలా మోగకూడదు. నువ్వు అలా బయటపడకూడదు. నీకు చెప్పి సరిచేద్దామంటే, చెవులు బాగున్నాయని రాసినదానివి, ఇంకెప్పుడూ నాకు ఉత్తరం రాయవు. నీ పొగరు నాకు తెలియదా?

రాత్రంతా ఆలోచించాను. కింది స్వరాలు అరవైకి దించాను. పైవి ఎత్తాను. ఫ్లూట్ దిద్దాను. ఇప్పుడు అచ్చం నువ్వు కట్టినట్టే ఉంది, నీ నలభయ్యో ఏట నువ్వు కట్టినట్టు.

చిజురు


హమమత్సు
ఫిబ్రవరి 12

వదినా,

కార్డు చూశాను. ఒక్క అంకె కూడా ముట్టుకోలేదు. ముద్ర వేశాను. చాలా బాగా కట్టావు.

సభ ఎలా జరిగిందో రాయి.

చిజురు


తొచిజవా
మార్చి 23

చిజురూ,

మంచు కరుగుతోంది. నీ మోకాలు ఎలా ఉంది? హొషినా అన్నీ చక్కగా కలిపింది. ట్యాబ్లెట్, నల్లపెట్టె, స్పీకర్లు. ట్యాబ్లెట్ మొరాయిస్తే అందుకోవడానికి నా కంప్యూటర్‌ని కూడా రెండో నోట్లో పెట్టి ఉంచింది. ఏదీ మొరాయించలేదు. పాట చాలా బాగుందని ఊరంతా అన్నారు. అన్నారని హొషినా కాగితం మీద రాసి చూపించింది.

ఇక దాచి లాభం లేదు. నాకు చెవులు పోతున్నాయి. కిందటి సెప్టెంబరులోనే డాక్టరు చెప్పాడు, పై నుంచి మొదలై కిందికి పోతుందట, ఏ మందూ పనిచెయ్యదట. నీకు చెప్పలేదు. చెబితే జాలి చూపిస్తావు, నీ జాలి నేను భరించలేను.

అందుకే ఈ పాటని నా కోసం కట్టుకున్నాను. కింది స్వరాలన్నీ చేతనైనంత గట్టిగా పెట్టాను. ఊరివాళ్ళు కాస్త మోతగా ఉందనుకుంటారు, అనుకోనీ, ఒక్కరోజుకి ఏం పోయింది? పిల్లల గొంతులు నాకెలాగూ సరిగ్గా వినపడవు. కింది స్వరం దొరికితే పాట ఎక్కడుందో తెలుస్తుంది, మిగతాది వాళ్ళ పెదాలు చూసి కలుపుకోగలను. ఇంట్లో వందసార్లు చూసుకున్నాను, కుదిరింది. నువ్వు కూడా ముద్ర వేశావు. ఏమీ అడగకుండా అర్థం చేసుకున్నావని ఎంత మురిసిపోయానో.

ఆ రోజు స్పీకరు పక్కనే, చెప్పులు విప్పి, చెక్కనేల మీద మేజోళ్ళతో నిలబడ్డాను. హొషినా చెయ్యి ఎత్తింది. పిల్లల నోళ్ళు తెరుచుకున్నాయి. ఏమీ రాలేదు చిజురూ. స్పీకరు మీద చెయ్యి పెట్టాను, ఏదో సన్నగా కదిలింది, అంతే. నేను కట్టిన స్వరం ఒక్కటీ నాకు అందలేదు. అప్పుడు తెలిసింది, డాక్టరు చెప్పిన దానికంటే ముందే మొత్తం పోయిందని.

పెదాలైనా చూద్దామనుకున్నాను. కళ్ళనిండా నీళ్ళు, పెదాలు కూడా కనపడలేదు. అందుకని నేనే పాడటం మొదలుపెట్టాను. గట్టిగా పాడాను. పాట అయిపోయిందని నాకు తెలియలేదు. కళ్ళు తుడుచుకుని చూస్తే పిల్లలు నోళ్ళు మూసుకుని నా వైపే చూస్తున్నారు. ఊరంతా నా వైపే చూస్తోంది. ఎంతసేపు ఒక్కదాన్నే పాడానో ఎవరినీ అడగలేదు. తర్వాత చప్పట్లు కొట్టారు. చేతులు కదలడం కనిపించింది.

ఇంటికొచ్చి మళ్ళీ పెట్టి చూసుకునే ధైర్యం లేకపోయింది. కంప్యూటర్‌ని పాత సామాన్ల బండికి ఇచ్చేశాను. చప్పుళ్ళు కొన్ని తెలుస్తున్నాయి, లారీ పోతే తెలుస్తుంది, చెవికో కాళ్ళకో తెలియదు. పాట మాత్రం పోయింది.

మిసావో


హమమత్సు
ఏప్రిల్ 5

వదినా,

నీ చెవులు పోలేదు. నేనే తగ్గించాను.

ఈ రెండు ముక్కలు రాయడానికి వారం పట్టింది. కింది స్వరాలు నూట ఇరవై నుంచి అరవైకి దించింది నేను. 'ఒక్క అంకె కూడా ముట్టుకోలేదు' అని రాసింది అబద్ధం. నీకు తెలియక అలా కట్టావనుకున్నాను. ఊళ్ళో నీ పరువు కాపాడుతున్నాననుకున్నాను. ఫిబ్రవరిలో రాసి పంపని ఉత్తరం ఉంది, అది కూడా ఇందులో పెట్టాను. నన్ను తిట్టుకోవడానికైనా చదువు.

నువ్వు చెప్పలేదని నిన్ను అనాలని ఉంది. అనలేను. ఇరవై రెండేళ్ళు నీ అంకెలు చదివాను, నువ్వు పాట కట్టే తీరు నాకు తెలుసు, నువ్వు ఊరికే నూట ఇరవై పెట్టేదానివి కాదు. ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉంటే తెలిసేది. నీ కంటే నాకే బాగా తెలుసనుకున్నాను.

ఆసుపత్రి మంచం మీద నీ ఉత్తరం చదివాను. నర్సు వచ్చి మోకాలు నొప్పా అని అడిగింది. అవునన్నాను.

నువ్వు కట్టింది కట్టినట్టే నా దగ్గర ఒక నకలు ఉంది. కార్డులో ఎక్కించి పంపుతున్నాను. కంప్యూటర్ లేకపోయినా ట్యాబ్లెట్‌లో మోగుతుంది. ఆ రోజుని మాత్రం ఎలా పంపాలో నాకు తెలియదు.

నన్ను క్షమించమని అడిగే మొహం లేదు. అడుగుతున్నాను.

చిజురు


తొచిజవా
జూన్ 2

చిజురూ,

ఈసారి వాతావరణం రాయను.

నీ ఉత్తరం ఏప్రిల్‌లోనే అందింది. జవాబు రాయలేదంటే కోపం. ఎంత కోపమంటే నీ ఉత్తరాన్ని చెత్త సంచిలో వేశాను, తీశాను, మళ్ళీ వేశాను. చెత్తబండి వచ్చే రోజు పొద్దున్నే లేచి మళ్ళీ తీశాను. అందులో కార్డు ఉందని తీశాననుకో, నీ మీద ప్రేమతో తీశాననుకోకు.

ఆ కార్డు పెట్టి చూడటానికి భయమేసింది. వినపడకపోతే ఒక ఏడుపు, వినపడితే ఇంకో ఏడుపు. రెండు నెలలు డ్రాయరులో పెట్టి దాని చుట్టూ తిరిగాను. నిన్న పెట్టాను. హొషినా నల్లపెట్టె తెచ్చి ఇచ్చే వెళ్ళింది, ఆ పిల్లకి సముద్రం పక్కన ఎక్కడో వేరే బడి ఇచ్చారు. స్పీకరుని చాప మీద పెట్టి, దాని పక్కన పడుకుని, చెవి ఆనించాను.

వినిపించింది చిజురూ. మొదటి స్వరం నుంచి ఆఖరి స్వరం దాకా ఒక్కటి కూడా పోకుండా వినిపించింది. రెండు చరణాల మధ్య మీ అన్నయ్య ఊపిరి తీసుకోవడానికని వదిలిన ఖాళీతో సహా తెలిసింది. పోయిందనుకుని ఇన్నాళ్ళు ఏడ్చాను. ఉందని తెలిశాక అంతకంటే ఎక్కువ ఏడ్చాను. అంటే ఆ రోజు వినిపించేది. ఆ పదకొండు మంది పాట ఎక్కడుందో నాకు తెలిసేది, ఎక్కడ ఆపాలో తెలిసేది. ఇప్పుడు వాద్యం ఉంది, పాడేవాళ్ళు లేరు. వాళ్ళు పొద్దున్నే ఏడున్నరకి బస్సెక్కి పోతున్నారు, కిటికీలోంచి నాకు చేతులూపుతారు.

నన్ను అడగలేదని నిన్ను అందామనుకున్నాను. చెవుల గురించి అడిగావు, నేనే అబద్ధమాడాను. పాట గురించి మాత్రం అడగలేదు. "ఎందుకిలా పెట్టావు వదినా" అని ఒక్క ముక్క రాయాల్సింది. రాస్తే చెప్పేదాన్నో, మళ్ళీ పొగరుగా ఏదో ఒకటి అనేదాన్నో నాకే తెలియదు. ఇద్దరం కలిసి పాడుచేశాం. అయినా నీ మీదే ఎక్కువ కోపంగా ఉంది. అది ఉంటుంది, కొన్నాళ్ళు ఉండనీ.

పోయిన వారం డాక్టరు మళ్ళీ చూశాడు. ఆకులు రాలేదాకా కింది స్వరాలు ఉండొచ్చు అన్నాడు. అన్నాడంటే రాసి చూపించాడు.

కాబట్టి నువ్వు రా. మోకాలు నడవనిస్తే వెంటనే రా. ఆడవాళ్ళలో అంత బొంగురు గొంతు నేనింకెక్కడా చూడలేదు. పెళ్ళిచూపుల్లో మీ అన్నయ్య, "మా ఇంటికి ఫోన్ చేస్తే మా చెల్లెల్ని అందరూ మా నాన్న అనుకుంటారు" అని నన్ను నవ్వించాడు. నాకు మిగిలిన ఆ కింది స్వరాల్లో మోగే గొంతు నా చుట్టూ ఇంకెవరికీ లేదు. వచ్చి నా పక్కన చాప మీద కూర్చుని, ఆ కార్డు పెట్టి, పాట పాడు. నీకు శ్రుతి నిలవదని నాకు తెలుసు. పదకొండు మంది పిల్లలు కాలేవని కూడా తెలుసు. అయినా పాడు.

క్షమాపణలు, సంజాయిషీలు ఉత్తరాల్లో రాసుకో, ఎన్ని రాసినా చదువుతాను. వాటి కోసం నా చెవులు ఖర్చుపెట్టను. ఇక్కడికొచ్చాక నోరు పాటకే తెరువు.

బస్సు ఇప్పుడు బడి దగ్గర ఆగడం లేదు. పోస్టాఫీసు దగ్గర దిగి నడిచి రా.

మిసావో